ఒకే ఒక్క ఫ్యూచురా: ఫైబర్ బాడీ కట్టే పద్ధతి, ఖర్చు ఎక్కడ పుడుతుంది

1955లో లింకన్ ఫ్యూచురా కాన్సెప్ట్ కారు తయారీకి రెండున్నర లక్షల డాలర్లు అయింది. ఇటలీలోని ట్యూరిన్‌లో ఘియా కార్ఖానాలో పనివాళ్ళు రేకును చేత్తో సాగగొట్టి దాన్ని కట్టారు. పదేళ్ళ తర్వాత అదే బండి నామమాత్రంగా ఒక్క డాలరుకు చేతులు మారి, 1966 టీవీ సీరియల్‌కు బ్యాట్‌మొబైల్ అయింది. 2013 వేలంలో 42 లక్షల డాలర్ల పాట పలికింది, కమిషన్‌తో కలిపి 46.2 లక్షలు. టీవీలో పేరు వచ్చాక ప్రదర్శనల్లో తిప్పడానికి దాని అచ్చు తీసి ఫైబర్‌తో నకళ్ళు చేశారు.

ఇప్పుడు హైవే పక్క హోటలు ముందరో, రిసార్టులోనో అలాంటి నకలు నిలబెడదామని ధర అడిగినవాళ్ళు ఆ అంకె విని నివ్వెరపోతారు. "ఫైబరే కదా, పడవకు ఇంత కాదే" అంటారు. నిజమే. సునామీ తర్వాత మైపాడు నుంచి కొత్తపట్నం దాకా మన తీరంలో ఫైబర్ పడవ లేని పల్లె లేదు, మ్యాట్ (గాజుపీచు పరుపు) పరిచి, రెజిన్ (గట్టిపడే జిగురు ద్రవం) పోసి రోలరు లాగే చేతులకు కొదవ లేదు. కానీ బండి ఖర్చు ఫైబర్‌లో లేదు. ఆ ఆకారాన్ని పుట్టించడంలో ఉంది, పైపొరను నునుపు తేల్చడంలో ఉంది. ఈ లెక్క తెలిస్తే ఎక్కడ తగ్గించుకోవచ్చో, ఎక్కడ తగ్గిస్తే బండి పాడవుతుందో తెలుస్తుంది. అందుకే ఇక్కడ చెప్పేది మోల్డు (బోలు అచ్చు) లేకుండా, దిమ్మ (బండి ఆకారంలో కట్టిన నమూనా) మీదనే నేరుగా ఒక్క బండి కట్టే పద్ధతి.

ముందే తేల్చుకోవాల్సినవి రెండు

ఇది రోడ్డెక్కదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. పాత అంబాసిడర్ ఛాసిస్ మీద ఈ బాడీ ఎక్కించి పాత ఆర్సీతో తిప్పుదాం అనే ఆలోచన మొదటిరోజే మానుకోండి. నిలబెట్టి చూపించే బండిగానే కట్టండి. ఇంజను, బ్రేకులు, స్టీరింగు జోలికి పోకపోతే ఖర్చులో పెద్ద భాగం అక్కడే మిగులుతుంది.

రెండోది రూపం. ఫ్యూచురా చేయండి, బ్యాట్‌మొబైల్ చేయొద్దు. 2015లో అమెరికాలో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు బ్యాట్‌మొబైల్‌ను కాపీరైటు ఉన్న పాత్రగానే చూసింది. ఒక్కొక్కటి సుమారు 90 వేల డాలర్లకు నకళ్ళు అమ్ముతున్న తయారీదారు ఆ కేసు ఓడిపోయాడు. వ్యాపార స్థలంలో పెట్టే బండికి గబ్బిలం గుర్తులు, నల్లరంగు మీద ఎర్రగీతలు అతికించి తలనొప్పి తెచ్చుకోవద్దు. మన పనికి ముత్యపు తెలుపే మేలు. ఎందుకో రంగు దగ్గర చెబుతాం.

కొలతలు: ఒక ఫోటో, ఒక స్కేలు

ఫ్యూచురా వీల్‌బేస్ 126 అంగుళాలు, అంటే 3200 మి.మీ. పొడవు దాదాపు 19 అడుగులు. ఎత్తు నాలుగున్నర అడుగుల లోపే. సరిగ్గా పక్కనుంచి తీసిన ఫోటో తీసుకుని, రెండు చక్రాల నడిబొడ్డుల మధ్య 320 మి.మీ. వచ్చేలా ప్రింటు తీయించండి. ఇక కాగితం మీద 1 మి.మీ. బండి మీద 1 సెం.మీ. అవుతుంది. ముక్కు నుంచి తోక దాకా 57–58 సెం.మీ. రావాలి. 56 కంటే తగ్గిందంటే ఫోటో ఏటవాలుగా తీసింది, పారేయండి. దగ్గర నుంచి తీసిన ఫోటోలో మధ్యభాగం ఉబ్బి, చివరలు కుంచించుకున్నట్టు పడతాయి. దూరం నుంచి జూమ్‌తో తీసినదే పనికొస్తుంది. ముందు, వెనక ఫోటోలకూ ఇదే స్కేలు. పైనుంచి తీసిన ఫోటో దొరకడం కష్టం, ఆ వెడల్పులను ముందు, వెనక ఫోటోల నుంచే రాబట్టాలి.

అసలు తప్పులు పుట్టేది ఇక్కడే. వెనక రెక్కల వంపు 2 సెం.మీ. తప్పితే, లప్పం ఎంత పెట్టినా బండి వేరే బండిలా కనబడుతుంది. గీతలకు ఆరు రోజులు పడితే పట్టనివ్వండి.

ఫ్రేమ్ మొదట, దిమ్మ తర్వాత

చాలామంది దిమ్మకు ఒక ఫ్రేమ్, బండికి మరో ఫ్రేమ్ కడతారు. ఆ రెండో ఖర్చు అక్కర్లేదు. 50×50×3 మి.మీ. చదరపు పైపుతో బండి అస్థిపంజరాన్ని ముందే వెల్డు చేసి, దాని చుట్టూ దిమ్మ కట్టండి. ఫైబర్ చర్మం గట్టిపడ్డాక దిమ్మను కింది నుంచి కోసి తీసేస్తే ఫ్రేమ్ లోపలే మిగులుతుంది, బాడీ దాని మీదే నిలబడుతుంది. సుమారు 40 మీటర్ల పైపు పడుతుంది, బరువు 170–175 కిలోలు. నాలుగు మూలలా జాకీ ఎక్కే దిమ్మెలు, లారీ తాడు పట్టే కొక్కేలు ఇప్పుడే వెల్డు చేయించండి. బాడీ వచ్చాక వెల్డింగు పెడితే నిప్పురవ్వకు రెజిన్ అంటుకుంటుంది.

నేల మట్టం చూసుకోవడానికి మేస్త్రీలు వాడే నీళ్ళ పైపు చాలు. షెడ్డు పొడుగునా నడిమధ్య ఒక తీగ కట్టి, దాని నుంచి తూకం గుండు దింపుతూ ప్రతి అడ్డుకోత కుడి ఎడమలు సమంగా ఉన్నాయో చూడాలి.

అడ్డుకోతలు అంటే 12 మి.మీ. ప్లైవుడ్‌తో బండిని బ్రెడ్డు ముక్కల్లా అడ్డంగా కోసిన ఆకారాలు. ప్రతి 250 మి.మీ.కి ఒకటి, దీపాల దగ్గర, తోక రెక్కల దగ్గర 125 మి.మీ.కి ఒకటి. సగానికే గీసి, రెండు ప్లైలు కలిపి ఒకేసారి కోయండి, ఎడమా కుడీ ఒకేలా వస్తాయి. ఇక్కడ మరిచిపోకూడని లెక్క ఒకటుంది. మీరు గీసినది బండి పైపొర. దాని మీద ఫైబర్ 3.5 మి.మీ., లప్పం 1.5 మి.మీ. వస్తాయి. కాబట్టి ప్లై అంచును 5 మి.మీ. లోపలికి కోయాలి. ఇది మరిచిపోతే బండి చుట్టూ అర సెంటీమీటరు ఉబ్బుతుంది. ఆ ఉబ్బు పదునుగా ఉండాల్సిన రెక్కల అంచుల దగ్గర మొద్దుగా కనబడుతుంది.

ప్లైల మధ్య థర్మోకోల్ పలకలు నింపండి, ప్లై అంచుకు 6 మి.మీ. కిందికి ఉండేలా చెక్కండి. ఆ ఖాళీని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో నింపాలి. ఫాల్స్ సీలింగు పనివాళ్ళు కలిపినట్టే కొబ్బరిపీచు కలిపితే పగలదు. గోడకు ప్లాస్టరింగు చేసినట్టు రెండు ప్లై అంచుల మీద వంగే అల్యూమినియం పట్టీ ఆనించి లాగితే ఆకారం దానంతట అదే తేలుతుంది. ఈ పని తెలిసిన సీలింగు మేస్త్రీ ఒక్కరు దొరికితే పది రోజులు కలిసొస్తాయి.

థర్మోకోల్ మీద నేరుగా పాలిస్టర్ రెజిన్ పూయకండి. రెజిన్‌లోని స్టైరీన్ థర్మోకోల్‌ను కరిగించేస్తుంది. కళ్ళముందే గుంట పడి మ్యాట్ లోపలికి జారుతుంది. ప్లాస్టర్‌లో పగులు ఉన్నా ఇదే జరుగుతుంది, కాబట్టి ప్రతి పగులూ పూడ్చాలి.

తడి ఆరిందా లేదా చూడడానికి చెయ్యి పెట్టి చూస్తే చాలదు. అడుగు చదరపు పాలిథీన్ ముక్కను నాలుగు వైపులా టేపు వేసి అంటించి రాత్రంతా వదిలేయండి. తెల్లారి లోపలి వైపు నీటి చెమట కనబడితే ఇంకా ఆరలేదు. ఎండాకాలం ఏడు నుంచి పది రోజులు చాలు. కార్తీకం ముందూ వెనకా, ఈశాన్య రుతుపవనాల ముసురులో మూడు వారాలైనా ఆరదు. నెల్లూరు జిల్లాలో ఎక్కువ వానలు అక్టోబరు–డిసెంబరులోనే పడతాయి కాబట్టి ఆ మూడు నెలలూ ఫ్రేమ్, గీతలు, ప్లై కోతలకు వాడుకోండి. ప్లాస్టరు జనవరి చివర, రెజిన్ ఫిబ్రవరి–మార్చిలో పెట్టుకుంటే వాతావరణమే సగం పని చేసిపెడుతుంది.

ఆరాక లక్క పాలిష్ రెండు పూతలు, దాని మీద మోల్డు వ్యాక్స్ మూడు పూతలు వేయండి.

రెజిన్ పని

చర్మం వైశాల్యం సుమారు 22 చదరపు మీటర్లు. పొరలు: మొదట చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మ్యాట్ ఒకటి, తర్వాత 450 గ్రాములది మూడు, చివర పల్చని సర్ఫేస్ టిష్యూ. మ్యాట్ 36 కిలోలు అవుతుంది, తరుగుతో 42 కిలోలు కొనండి. మ్యాట్ 30 పాళ్ళకు రెజిన్ 70 పాళ్ళు, అంటే 85 కిలోలు. పై పూతతో, తరుగుతో కలిపి 105 కిలోలు తెప్పించండి. రెజిన్‌ను గట్టిపరిచే హార్డ్‌నర్ కిలోన్నర, పనిముట్లు కడగడానికి అసిటోన్ 12 లీటర్లు.

పడవ పనివాళ్ళకు వోవెన్ రోవింగ్ అలవాటు. అల్లిక గుడ్డలాంటి ఆ ఫైబర్ పడవకు బలాన్నిస్తుంది. బండి చర్మానికి మాత్రం పనికిరాదు. రంగు వేసిన రెండు నెలలకు ఆ అల్లిక గళ్ళు పైకి అచ్చు పడతాయి, ఎన్నిసార్లు రుద్దినా మళ్ళీ వస్తాయి. మ్యాట్ మాత్రమే వాడండి.

హార్డ్‌నర్, దాని పనిని వేగిరపరిచే కోబాల్ట్ ఎప్పుడూ నేరుగా కలవకూడదు, కలిస్తే పేలుతుంది. కోబాల్ట్ ముందే కలిపిన రెజిన్ తెప్పించుకోవడం మంచిది. లేకపోతే కోబాల్ట్‌ను రెజిన్‌లో పూర్తిగా కలిపాకే హార్డ్‌నర్ పోయాలి. రెండు సీసాలూ షెడ్డులో ఎదురెదురు మూలల్లో పెట్టండి. హార్డ్‌నర్ చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. కళ్ళద్దాలు లేకుండా సీసా మూత తీయొద్దు. పడితే 15 నిమిషాలకు తగ్గకుండా ధారగా నీళ్ళు కొట్టి నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి. మూతికి కట్టే గుడ్డ స్టైరీన్ ఆవిరిని ఆపదు, బొగ్గు క్యాట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి.

కిలో రెజిన్‌కు హార్డ్‌నర్ 10 గ్రాములు. ఎండ ఎక్కువైతే చాలామంది దీన్ని సగానికి తగ్గిస్తారు. అది తప్పు. తగ్గిస్తే రెజిన్ పైకి గట్టిపడినట్టు కనబడినా లోపల ఎప్పటికీ పూర్తిగా పండదు. ఎండకు హార్డ్‌నర్ శాతం తగ్గించకుండా, ఒక్కసారికి కలిపే రాశి తగ్గించండి, పనివేళ మార్చండి. తెల్లవారుజామున ఐదున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ఆపేయండి. వడగాలి లేచాక దుమ్ము రెజిన్‌లో పడుతుంది, మగ్గులో రెజిన్ పది నిమిషాల్లో గడ్డకడుతుంది. రోజూ మొదట 100 గ్రాములు కప్పులో కలిపి ఎన్ని నిమిషాలకు జిగురెక్కుతుందో గడియారం పెట్టి చూసుకోండి, ఆ రోజు పని వేగం దానికి తగ్గట్టు ఉండాలి. కలిపినదాన్ని మగ్గులో ఉంచకుండా వెడల్పు ట్రేలో పోస్తే వేడెక్కడం తగ్గుతుంది. మిగిలిపోయినది నీళ్ళున్న పాత డబ్బాలో వేయండి. పొగలు కక్కుతున్న ముద్దను అట్టపెట్టెలో పడేస్తే షెడ్డు తగలబడుతుంది.

మ్యాట్‌ను 60×90 సెం.మీ. ముక్కలుగా చేసుకోండి. అంచులు కత్తెరతో కోయకుండా చేత్తో చింపండి, చింపిన అంచు పక్క ముక్కలో కలిసిపోతుంది, కోసిన అంచు గట్టులా నిలుస్తుంది. ఐదు సెం.మీ. ఒకదానిపై ఒకటి ఎక్కాలి. ముందు దిమ్మ మీద రెజిన్ పూసి, మ్యాట్ పరిచి, మెత్తటి రోలరుతో తడిపి, తర్వాత ఇనుప గాడుల రోలరుతో మధ్య నుంచి అంచుల వైపు లాగుతూ గాలి బయటకు తోలాలి. 800 గ్రాముల మగ్గు 450 మ్యాట్‌కు ముప్పాతిక చదరపు మీటరు తడుపుతుంది. ఎక్కడైనా తెల్లగా మిగిలిందంటే అక్కడ తడవలేదు, లేదా మ్యాట్ తేమ పట్టింది. సముద్రపు గాలి తగిలే చోట మ్యాట్ చుట్టను పాలిథీన్‌లో చుట్టి, వాడబోయే ముందు రెండు గంటలు ఎండలో పెట్టండి.

రోజుకు రెండు పొరలే. ఒకేరోజు నాలుగూ వేస్తే వేడికి చర్మం మెలి తిరుగుతుంది. రెండో రోజు 60 నంబరు ఉప్పుకాగితంతో గరుకు చేసి మిగతా పొరలు వేయండి. చివరి పూతలో వ్యాక్స్ సొల్యూషన్ కలపాలి, లేకపోతే గాలి తగిలి పైపొర జిగటగానే ఉండిపోయి ఉప్పుకాగితం నిమిషంలో బిగిసిపోతుంది. ఆ మైనాన్ని లప్పం పెట్టేముందు పూర్తిగా రుద్ది తీసేయాలి.

సీటు వెనకాల పలక, డ్యాష్‌బోర్డు, నేల లాంటి చదును ముక్కలకు దిమ్మ అక్కర్లేదు. చీమకుర్తి గ్రానైటు పాలిష్ పలక ఒకటి సంపాదించి, వ్యాక్స్ వేసి, దాని మీదే పోయండి. గెలాక్సీ నలుపు మీద తీసిన పలక అద్దంలా వస్తుంది, రుద్దుడే ఉండదు.

దిమ్మ తీయడం, అతికించడం

ఐదు రోజులు వదిలాక కింది నుంచి రంపంతో ప్లై, థర్మోకోల్ ముక్కలు తీయండి. పెట్రోలు పోసి థర్మోకోల్ కరిగించే వాళ్ళున్నారు, మూసిన బాడీ లోపల ఆ ఆవిరికి ఒక్క స్పార్కు చాలు. అలా చేయొద్దు. ఫ్రేమ్‌కూ చర్మానికీ మధ్య 5 మి.మీ. ఖాళీ ఉంచి కారు అద్దాలు అతికించే పాలియూరిథేన్ జిగురు పట్టించండి. ఇనుమును నేరుగా ఫైబర్‌కు అంటిస్తే ఎండకు ఆ గీత బయటికి కనబడుతుంది. డోరు, బానెట్ తెరవక్కర్లేదు. వాటి గీతలు రావాల్సిన చోట లోపలివైపు 10 సెం.మీ. వెడల్పు మ్యాట్ పట్టీలు రెండు వేసి, గట్టిపడ్డాక బయటి నుంచి రౌటరుతో 4 మి.మీ. వెడల్పు, రెండున్నర లోతు గాడి తీయండి.

తర్వాత బండిని బయటికి తోసి, మూడు వారాలు నెల్లూరు ఎండకు వదిలేయండి. ఈ ఆలస్యం అందరికీ చేదే. కానీ ఫైబర్ ఇప్పుడే కుంచించుకుని తన చివరి రూపానికి రావాలి. తొందరపడి రంగు వేసిన బండి మే నెలలో అలలు తేలుతుంది.

లప్పం, రుద్దుడు, రంగు

యాభై మనిషిరోజులు ఇక్కడే పోతాయి. ఆటోనగర్‌లో కార్లకు వాడే పాలిస్టర్ లప్పమే, సుమారు 60 కిలోలు. పూత 2 మి.మీ. దాటితే పగుళ్ళొస్తాయి. గుంట అంతకంటే లోతుగా ఉంటే లప్పం కాదు, మళ్ళీ మ్యాటే వేయాలి. రెండడుగుల వంగే పట్టీకి 80 నంబరు కాగితం కట్టి, ఏటవాలుగా ఒకసారి, ఎదురు ఏటవాలుగా మరోసారి రుద్దండి. అరచేత్తో కాగితం పట్టుకుని రుద్దితే ప్రతి వేలికీ ఒక గాడి పడుతుంది. పల్చగా నల్ల స్ప్రే చల్లి రుద్దితే, నలుపు మిగిలిన చోట గుంట, ముందుగా తెల్లబడిన చోట గుబ్బ అని తెలుస్తుంది. తర్వాత 120, 180, 220 వరకు. 2కె ప్రైమరు (హార్డ్‌నర్ కలిపి వాడే అడుగు రంగు) మూడు పూతలు వేసి 320, 400, 600 నీళ్ళతో.

సరిపోయిందా లేదా అన్నది సాయంత్రం చూడాలి. షెడ్డులో లైట్లన్నీ ఆర్పి, ఒక్క నాలుగడుగుల ట్యూబ్‌లైటు బండి పక్కన అడ్డంగా పట్టుకుని, ప్రైమరు మీద తడిగుడ్డ తుడవండి. తడి ఆరేలోపు ఆ వెలుగు గీత ప్రతిబింబం వెంట మెల్లగా నడవండి. గీత తిన్నగా జారితే సరే. వణికినా, మధ్యలో ముడిపడినా అక్కడ చాక్‌పీసుతో సున్నా చుట్టండి, రేపటి పని అది. తోక రెక్కల లోపలి వైపును చాలామంది చూడకుండా వదిలేస్తారు. రోడ్డు మీద నుంచి కారులో పోయేవాడికి మొదట కనబడేది అదే.

అసలు ఫ్యూచురాకు ముత్యపు మెరుపున్న నీలి తెలుపు వేశారు. తెలుపు చిన్న అలలను కప్పేస్తుంది, ఎండకు తక్కువ వేడెక్కుతుంది. నలుపు వేస్తే రుద్దుడుకు ఇంకో ఇరవై రోజులు కలుపుకోండి.

పైన రెండు గుడ్లలాంటి అద్దాలకు 5 మి.మీ. యాక్రిలిక్ పలకను 150–160 డిగ్రీల దగ్గర మెత్తబరచి గాలితో ఉబ్బించాలి. పెద్ద ఓవెన్ కావాలి, చెన్నైలో స్కైలైట్ గోపురాలు చేసేవాళ్ళకిచ్చేయడం మేలు. రెండు మీటర్ల యాక్రిలిక్ 25 డిగ్రీల తేడాకు సుమారు 3.5 మి.మీ. సాగుతుంది, కాబట్టి బోల్టు రంధ్రాలు పొడుగు గాడులుగా తీయండి, లేకపోతే మొదటి ఎండాకాలంలోనే రంధ్రం నుంచి పగులు బయలుదేరుతుంది. థిన్నరుతో, పెట్రోలుతో తుడవొద్దు, సబ్బునీళ్ళే.

క్రోము బంపర్లు, మెరుపు పట్టీలు 316 స్టెయిన్‌లెస్ రేకుతో చేసి బఫ్ పట్టించండి. ఉప్పు గాలికి తట్టుకునేది అదే.

లెక్క

రెజిన్ కిలో 160, మ్యాట్ 130, మనిషిరోజు 1000 రూపాయలు అనుకుందాం. మీ ఊరి ధరలు వేసి మార్చుకోండి. రెజిన్ 16,800, మ్యాట్ 5,460. చర్మానికి ఈ రెండు సరుకులూ కలిపి 23 వేల లోపు. పని: గీతలు 6 రోజులు, ఫ్రేమ్ 8, ప్లై–థర్మోకోల్ 14, ప్లాస్టరు, ఆకారం 30, రెజిన్ 10, దిమ్మ తీయడం 6, లప్పం 50, రంగు 12, అద్దాలు, మెరుపు సామాను 20. మొత్తం 156 మనిషిరోజులు, అంటే 1,56,000. చర్మం సరుకుకు దాదాపు ఏడింతలు. ఇనుము, రంగు, యాక్రిలిక్, స్టీలు, షెడ్డు అద్దె వేరే.

మోల్డు తీసుకుంటే ఏమవుతుందో చూడండి. అంచులతో కలిపి 28 చదరపు మీటర్లు, 300 మ్యాట్ రెండు పొరలు, 450 ఆరు పొరలు. మ్యాట్ 92 కిలోలు, రెజిన్ 215 కిలోలు, టూలింగ్ జెల్‌కోటు 30 కిలోలు. బండి చర్మానికి పట్టినదానికి రెండున్నర రెట్లు, అదీ బండి కాని వస్తువుకు. పైగా దిమ్మనే ముందు 1500 నంబరు దాకా రుద్దాలి, రెక్కలు ఇరుక్కోకుండా మోల్డును ముక్కలుగా విడదీసేలా కట్టాలి. 1953లో షెవ్రొలే కార్వెట్‌ను ఫైబర్‌తో చేసిందంటే మొదటి ఏడాదే 300 బండ్లు తీసింది. మీకు మూడో, నాలుగో కావాలంటే మోల్డు ఆలోచించండి, ఒక్కదానికి వద్దు.

ఎవరైనా సగం ధరకు చేస్తామంటే, లప్పానికి ఎన్ని రోజులు వేశారో అడగండి. తగ్గేది అక్కడే, కనబడేదీ అక్కడే.

తరలింపు

22 అడుగుల తొట్టి లారీ కావాలి. ముక్కు ముందుకు పెట్టి ఎక్కించండి. తాడు బాడీ మీద నుంచి వేయొద్దు, మొదట వెల్డు చేసిన ఫ్రేమ్ కొక్కేలకే కట్టాలి. తోక రెక్కలకు ఫోము చుట్టి, దాని మీద పాలిథీన్ కాకుండా నూలు దుప్పటి కప్పండి. ఎండలో పాలిథీన్ కింద చెమట పట్టి కొత్త రంగు మీద మచ్చలు పడతాయి.